కట్టించిన దొర, కట్టిన చేతులు: పాస్నెట్, మెదక్ చర్చి

చార్లెస్ వాకర్ పాస్నెట్ (1870–1950) ఇంగ్లండులోని వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందిన క్రైస్తవ బోధకులు. మన పత్రికల్లో ఆయన పేరు ఎక్కువగా ఫాస్నెట్ అని కనిపిస్తుంది. 1895లో సికింద్రాబాద్ చేరి, తిరుమలగిరి దండులోని ఆంగ్ల సైనికులకు కొంతకాలం బోధకులుగా ఉండి, 1896లో మెదక్ వచ్చారు. 1939లో విరమించేదాకా ఆయన పనికి కేంద్రం ఆ ఊరే. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఆయన పేరుతో ముడిపడి ఉంది. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం, ఒకేసారి అయిదు వేల మంది కూర్చోగల లోపలి చోటు: ఈ కొలతలు మెదక్ గురించి రాసిన ప్రతి చిన్న పుస్తకంలోనూ ఉంటాయి. వాటి పక్కనే మరో వాక్యమూ తప్పకుండా ఉంటుంది. కరువులో అలమటిస్తున్న జనానికి మెతుకు పెట్టడానికి పాస్నెట్ ఈ చర్చి కట్టారని. ఆ వాక్యంలో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం కోసం ఆ మనిషి జీవితాన్నీ, ఆ రాతినీ కలిపి చదవాలి.

తెలుగులో 'కట్టడం' వేరు, 'కట్టించడం' వేరు. ఒక్క అక్షరం తేడాలో సొమ్ము పెట్టినవాడూ చెమట పెట్టినవాడూ విడిపోతారు. మన శాసనాలు సాధారణంగా కట్టించినవారివే. పాలంపేట గుడి శాసనం 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని నిలిపాడని చెబుతుంది. జనం మాత్రం ఆ గుడిని శిల్పి పేరుగా చెప్పుకునే రామప్ప పేరుతోనే పిలుస్తున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు రుద్రేశ్వరాలయంగా ఎక్కినప్పుడూ పక్కన కుండలీకరణాల్లో ఆ పేరు నిలిచింది. శాసనం కట్టించినవాడిని చెబితే, జనం నాలుక కట్టినవాడిని గుర్తు పెట్టుకుంది. మెదక్‌లో దీనికి తిరగబడ్డ పని జరిగింది. ఇక్కడ రాతల్లోనూ జనం నోటా పాస్నెట్ ఒక్కరే మిగిలారు. పాస్నెట్ వాస్తుశిల్పి కారు, ఇంజినీరు కారు, మేస్త్రీ అంతకన్నా కారు. ఆయన కట్టించినవారు. ఈ మాటతో ఆయన స్థాయి తగ్గదు. పదేళ్ల పాటు సొమ్ము సమకూర్చి, మనుషుల్ని కూర్చి, యుద్ధకాలంలోనూ పని ఆగకుండా చూడడం తేలికైన పని కాదు. కానీ ఆయన ఒక్కరే నిర్మాత అనడం వల్ల ఆ చర్చిని నిలబెట్టిన మిగతా మూడు చేతులు, అంటే నమూనా గీసినవి, రాయి చెక్కినవి, రాయి మోసినవి, కనపడకుండా పోయాయి.

ముందుగా ఊరి సంగతి. వలస పాలన కింద ఉన్న పట్టణం అనగానే మద్రాసో, బందరో, విశాఖపట్నమో తలపుకొస్తాయి. మెదక్ అలాంటిది కాదు. అది నిజాం రాజ్యంలోని ఊరు. కొండ మీద కాకతీయుల కాలం నాటి కోట ఉంది. కుతుబ్ షాహీల ఏలుబడిలో గుల్షనాబాద్ అనే పేరూ వచ్చింది. 'మెతుకు' మాట నుంచే మెతుకుదుర్గం, మెతుకుసీమ, చివరికి మెదక్ అయిందని ఊరి పేరుకు చెప్పే వివరణ అందరికీ తెలిసిందే. జిల్లాకు ఆ ఊరి పేరున్నా, జిల్లా కేంద్రం మాత్రం చాలా కాలం సంగారెడ్డి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడదీసినప్పుడు గాని మెదక్ తన పేరున్న జిల్లాకు కేంద్రం కాలేదు. ఇక తెల్లవారి పాలన ఎక్కడుందంటే, దక్షిణాన అరవై మైళ్ల దూరంలో, 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ దండులోనూ, హైదరాబాద్ రెసిడెన్సీలోనూ ఉంది. పాస్నెట్ ఆ దండు నుంచే బయలుదేరారు. అంటే తెల్లవారి తుపాకుల నీడలోంచి బయటికి వచ్చి, మరో రాజు ఏలుబడిలోని తాలూకా ఊళ్లో దిగారు. అక్కడ ఆయనకు భూమి కావాలన్నా, రాయి కావాలన్నా నిజాం అధికారుల మాట కావాలి. అదే సమయంలో, ఆయన వెనక బ్రిటిష్ రెసిడెంటు ఉన్నాడన్న సంగతి ఆ అధికారులందరికీ తెలుసు. ఈ రెండు బలాల మధ్య ఉన్న సందులోనే మెదక్ చర్చి లేచింది. 'వలస నిర్మాణం' అనే ఒక్క ముద్ర దానికి పూర్తిగా అతకకపోవడానికి కారణం ఇదే.

పాస్నెట్ వచ్చేనాటికి రైలు లేదు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వెళ్లే గోదావరి లోయ రైలుమార్గం పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేశారు. అది కూడా మెదక్‌ను తాకకుండా పక్కనుంచి పోయింది. గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం చేసి వచ్చి డాక్ బంగళాలో దిగారనీ, అప్పటికి ఆ ప్రాంతమంతా కలిపి క్రైస్తవులు రెండు వందలకు మించి లేరనీ చర్చి చరిత్ర చెబుతుంది. వెస్లియన్ల పని హైదరాబాద్ రాజ్యంలో విలియం బర్జెస్ చేతుల మీదుగా 1879లోనే మొదలైంది గాని, పల్లెల్లో అది వేళ్లూనింది మెదక్ నుంచే. పాస్నెట్ తోబుట్టువు ఎమిలీ పాస్నెట్, ఆమెతో పనిచేసిన సారా హారిస్ ఆడవాళ్ల మధ్య దశాబ్దాల పాటు మెలిగారు. ఆస్పత్రి, బడులు, పల్లెలకు వెళ్లే ఉపదేశకులకు శిక్షణ అన్నీ ఒకే ఆవరణలో పెరిగాయి. అంటే 1914 నాటికి పాస్నెట్ కొత్తగా కట్టుబడిలోకి దిగలేదు. పద్దెనిమిదేళ్లుగా ఏదో ఒకటి కట్టిస్తూనే ఉన్నారు. ఆయన మొదట తనకోసం మేడ కట్టుకున్నారనీ, పక్కనున్న ప్రార్థన గుడిసె దాని ముందు వెలవెలబోవడం చూసి మనసు కలుక్కుమని పెద్ద చర్చి తలపెట్టారనీ ఒక కథనం ఉంది. కరువు కథ కన్నా ఇది తక్కువ ప్రచారంలో ఉంది. నా దృష్టిలో కాలక్రమానికి ఇదే దగ్గరగా ఉంది.

కాలక్రమం చూడండి. పాస్నెట్ కాలంలో దక్కనును పెద్ద కరువులు రెండు విడతలుగా కొట్టాయి. మొదటిది 1896–97లోనూ 1899–1900లోనూ వచ్చింది. 1899–1900 కరువు నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా జిల్లాలను మరీ దారుణంగా కుంగదీసింది. రెండోది 1918లో దేశమంతటా వానలు ముఖం చాటేసినప్పుడు మొదలైంది. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. 1920లో మళ్లీ వానలు తప్పాయి. చర్చి పని మొదలైంది 1914లో. అంటే మొదటి విడత కరువు అయిపోయి పద్నాలుగేళ్లు గడిచాక, రెండో విడతకు నాలుగేళ్లు ముందు. కరువు వల్లే పునాది పడిందంటే ఈ తేదీలు ఒప్పుకోవు. పునాది పడి సగం పని జరుగుతుండగా కరువు వచ్చిందనీ, అప్పుడు ఆ నిర్మాణస్థలమే వందల కుటుంబాలకు కూలి చోటుగా మారిందనీ అంటే తేదీలూ ఒప్పుకుంటాయి, జనం జ్ఞాపకమూ నిలుస్తుంది. దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు: పేరున్న కరువులే కరువులా? మెదక్ లాంటి మెట్ట సీమలో చెరువు నిండని ప్రతి ఏడూ పేదవాడికి కరువే కదా? నిజమే. దినకూలీకి 1914 కూడా కడుపు కాలిన ఏడే అయి ఉండవచ్చు. కానీ ఆ వాదన ఒప్పుకుంటే కరువు ఒక అకస్మాత్తు సంఘటనగా గాక, ఆ సీమలో ఎప్పుడూ ఉండే స్థితిగా మారుతుంది. అప్పుడు చర్చి కరువుకు ఇచ్చిన జవాబు అనడం కన్నా, కరువు ఎప్పుడూ సిద్ధంగా ఉంచిన చవక కూలీల మీద లేచిన కట్టడం అనడమే సరైన మాట అవుతుంది.

తేదీల కన్నా గట్టి సాక్ష్యం ఆ రాయే. కరువు పనుల లక్షణం అందరికీ తెలుసు: మట్టి తవ్వడం, కంకర కొట్టడం, చెరువు కట్ట వేయడం, బాట పోయడం. ఆకలితో నీరసించిన మనిషి, ఏ పనితనమూ నేర్వని మనిషి, గడ్డపారా తట్టా పట్టుకుని చేయగల పనులే అవి. మెదక్ చర్చి అలాంటి కట్టడం కాదు. బూడిదరంగు రాయిని నున్నగా చెక్కి, కీలు కీలు సరిపెట్టి లేపిన గోడలవి. శిలువ ఆకారపు నేలపటం, కొనదేలిన కమానులు, బరువును కంబాల మీదికి దించే కమాను కప్పు, అన్నిటికీ మించి 175 అడుగుల గోపురం. కమానులో ఒక్క రాయి అంగుళం తప్పినా పైనున్నదంతా నమ్మకం లేకుండా పోతుంది. లోపలి నేలకు పరిచిన ఆరు రంగుల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయనీ, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారనీ చర్చి వర్ణనలు చెబుతాయి. ఇవన్నీ పూటగింజల కోసం వచ్చిన గుంపు చేసే పనులు కావు. అందువల్ల అక్కడ రెండు రకాల శ్రమ కలిసి సాగిందని చెప్పక తప్పదు: ఏళ్ల తరబడి ఉలి పట్టిన చేతి పని ఒకటి, మోత, తవ్వకం, నీళ్లు, కంకర పని ఇంకొకటి. కరువు కథ రెండోదాన్ని గుర్తుంచుకుని, మొదటిదాన్ని పూర్తిగా మింగేసింది. రాళ్లు కొట్టడం, చెక్కడం మన ప్రాంతంలో వడ్డెరల తరతరాల విద్య. అంత రాయి అంత నాణ్యంగా కోయడానికి ఈ నేల మీద ముందే ఉన్న ఆ విద్య లేకపోతే ఇంగ్లండు నుంచి వచ్చిన నమూనా కాగితాల్లోనే మిగిలేది.

ఆకలికి పనిని జవాబుగా చేసే ఆలోచన కూడా పాస్నెట్ కనిపెట్టింది కాదు. 1876–78 మహా కరువు తర్వాత వచ్చిన 1880 నాటి కరువు కమిషన్, దాని వెంట 1883లో వచ్చిన కరువు నియమావళి బ్రిటిష్ ఇండియాలో ఈ పద్ధతినే నియమంగా పెట్టాయి: ఒళ్లు వంచగలవాడికి ఊరికే పెట్టవద్దు, పని చూపి కూలి ఇవ్వు. మద్రాసు నగరం లోపల బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1877–78లో అలా తవ్వించిందే. అంతకన్నా దాదాపు నూరేళ్ల ముందు, 1784 కరువులో, లక్నో నవాబు ఆసఫుద్దౌలా బడా ఇమాంబారా కట్టించి జనానికి పని కల్పించాడు. కనుక మెదక్ దొర చేసిన పనిని తెల్లవాడి వింత దయగానో, క్రైస్తవానికే చెల్లిన ఉపాయంగానో చూడనక్కర్లేదు. కరువులో గుడి, మసీదు, చెరువు కట్టించడం ఈ దేశపు ఏలికలకు తెలిసిన మార్గమే. ఇక్కడ ఒక బలమైన ప్రశ్న ఉంది. అంత సొమ్ము, అంత శ్రమ ఒక చెరువుకు పెట్టి ఉంటే? మంజీరా మీద ఘనపూర్ ఆనకట్ట 1905లో వచ్చింది. పోచారం జలాశయం చర్చి కడుతున్న కాలంలోనే, 1922 నాటికి పూర్తయింది. ఆ రెండూ నేటికీ పొలాలు తడుపుతున్నాయి. చర్చి ఒక్క మడికి కూడా నీరు ఇవ్వలేదు. ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానం లేదు, ఉన్నట్టు నటించడం తప్పు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు: చెరువు నీరు భూమి ఉన్నవాడి పొలానికి పోతుంది. చర్చి రాళ్లు మోసినవారిలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. వారికి దక్కింది కూలీ, పక్కనే ఉన్న ఆస్పత్రీ, పిల్లలకు బడీ.

కూలి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆనాటి తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాల శ్రమలో పెద్ద భాగానికి కూలే లేదు. దాని పేరు వెట్టి. దేశ్‌ముఖ్ గడీకీ, సర్కారు అధికారి గుర్రానికీ, ఊరి పెద్దల పొలానికీ పిలిస్తే పోవాలి, చేసి రావాలి. తెలంగాణలో 'దొర' అన్న మాటకు రెండు అర్థాలు ఉండడం యాదృచ్ఛికం కాదు: తెల్లవాడూ దొరే, గడీలో కూర్చున్నవాడూ దొరే. ఒక దొర పనికి పిలిచి ఉత్త చేతులతో పంపితే, మరొకరు పనికి గింజలో పైసలో లెక్కగట్టి ఇచ్చారు. ఈ తేడా చిన్నది కాదు. పదేళ్ల పాటు కులంతో పని లేకుండా, చేసిన పనికి వెల ఉంటుందని చూపిన చోటు ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద వేసిన ముద్ర ఎలాంటిదో ఊహించవచ్చు. అన్నం పెట్టి మతం మార్చారన్న ఆరోపణ ఎప్పటినుంచో ఉంది. దాన్ని కొట్టిపారేయను. కూలి ఇచ్చే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకటే అయినప్పుడు, ఆకలిగొన్నవాడి ఇష్టం ఎంత స్వేచ్ఛగా ఉంటుందన్నది న్యాయమైన ప్రశ్న. కానీ ఆ ఆరోపణ ఒకటి మరచిపోతుంది. తిండి కోసమే వచ్చినవారు వాన పడ్డాక వెళ్లిపోవాలి. వారు వెళ్లలేదు. మనవల తరం, మునిమనవల తరం కూడా ప్రతి క్రిస్మస్‌కూ ఆ రాళ్ల మధ్యకే వస్తున్నారు. వారిని పట్టి ఉంచింది గంజి అనడం, వారి పూర్వీకులకు ఆకలి తప్ప ఆలోచన లేదనడమే అవుతుంది. అంటరానివారిగా బతికినవారికి నడిమధ్య ద్వారంలోంచి లోనికి నడిచి, అందరితో సమానంగా నేల మీద కూర్చునే హక్కు దొరికింది. మనిషి మనసు మారడానికి అది చాలినంత కారణం.

ఇప్పుడు నమూనా గీసిన చేతి సంగతి. మెదక్ చర్చి పటం థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్‌ది. ఆయన ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తు సంస్థకు చెందినవారు. బోల్టన్ అప్పట్లో లంకాషైర్ జిల్లాలోని నూలు మిల్లుల ఊరు. ఈ సంస్థకు మెథడిస్టులతో పాత చుట్టరికం: బోల్టన్‌లో 1900లో తెరిచిన విక్టోరియా హాలు, లండన్‌లో 1904లో తెరిచిన లీసియన్ మిషన్ భవనం వారివే. 1914లో, మెదక్ పని మొదలైన ఏడే, ఇదే సంస్థ మాంచెస్టర్ రాయల్ ఎక్స్ఛేంజిని పెంచే పని చేపట్టింది. ప్రపంచపు నూలు, బట్టల బేరం సాగిన మహా వ్యాపారశాల అది. ఒకే కార్యాలయంలో ఒక బల్ల మీద లంకాషైర్ బట్టల బజారు, ఇంకో బల్ల మీద మెతుకుసీమ చర్చి. మన చేనేత మగ్గాలను మూలన పడేసిన వ్యాపారం ఎక్కడ బేరమాడుకునేదో, మన కూలీల ప్రార్థనాలయం అక్కడి వాస్తుకారుల చేతనే గీయబడింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. కానీ వలస కాలపు సంబంధాలు ఎంత చిక్కగా అల్లుకుని ఉండేవో చెప్పడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు కనబడలేదు. మెదక్ నేరుగా ఆంగ్లేయుల ఏలుబడిలో లేకపోయినా, దాని చర్చి ఆ సామ్రాజ్యపు దారాలకు వెలుపల లేదు.

శైలి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. అది గోతిక్ శైలి: కొనదేలిన కమాను, నింగికి లేచే గోపురం. మెథడిస్టులు మొదట్లో ఇలాంటివి కట్టేవారు కారు. జాన్ వెస్లీ అనుచరులవి సాదా ప్రార్థనశాలలు. 1850లో ఫ్రెడరిక్ జాబ్సన్ అనే వెస్లియన్ బోధకుడు తమ సంఘం గోతిక్‌నే స్వీకరించాలని పుస్తకం రాశాక గాలి మారింది. పందొమ్మిదో శతాబ్దంలో పుట్టి పెరిగిన పాస్నెట్‌కు 'చర్చి' అంటే మనసులో మెదిలే రూపం అదే. కానీ మరో దారి లేకపోలేదు. అదే 1914లో హైదరాబాద్ వచ్చిన విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుకారుడు హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, కాచిగూడ స్టేషన్ వంటివాటికి గుమ్మటాలూ ఛత్రీలూ ఇచ్చి ఈ నేల నుడికారంలో కట్టించాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ డోర్నకల్. 1912లో బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, అక్కడ కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దానిలో మంటపపు కంబాలు ఉన్నాయి, మసీదు గుమ్మటాలను తలపించే గుమ్మటాలు ఉన్నాయి. ఒకే నిజాం రాజ్యంలో, ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే రకం పేద జనం కోసం లేచిన ఈ రెండు చర్చిలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కట్టించినవారు ఎవరో రాతిలోనే తెలిసిపోతుంది. అజరయ్యకు తమ సంఘం ఈ ఊరి మనుషులదని చెప్పుకోవలసిన అవసరం ఉంది. పాస్నెట్‌కు ఆ ప్రశ్నే తట్టలేదు. ఇది ఆయన మీద నేరారోపణ కాదు. ఆయన చూపు ఎంతదాకా వెళ్లిందో, ఎక్కడ ఆగిందో చూపే గుర్తు మాత్రమే. అయితే మెదక్ జనం ఆ రూపాన్ని పరాయిదిగా ఉంచలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లడంలో, కొవ్వొత్తుల పక్కన కొబ్బరికాయలు పట్టుకొచ్చే మొక్కుల్లో, డప్పులతో వచ్చే జాతర లాంటి క్రిస్మస్‌లో గోతిక్ గోడలు తెలుగు గోడలైపోయాయి.

రంగు అద్దాల కిటికీలు చర్చికి ఆలస్యంగా వచ్చిన నగలు. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ (1874–1962) అనే చిత్రకారుడి పని. ఆయన మెథడిస్టు, ఇంగ్లండు రాజకుటుంబపు చిత్రాలు వేసినవారు. అద్దం పని ఆయనకు చిన్నప్పుడే అన్నగారి కార్ఖానాలో అబ్బింది. క్రీస్తు ఆరోహణం 1927లోనూ, జననం 1947లోనూ, శిలువ 1958లోనూ అమరాయి. తేదీల మధ్య ముప్పై ఒక్క ఏళ్ల దూరం ఉంది. అంటే ప్రతిష్ఠ నాడు చర్చి పూర్తి కాలేదు. పాస్నెట్ 1950లో కన్నుమూసేనాటికి కూడా పూర్తి కాలేదు. మూడో కిటికీ వచ్చేసరికి నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లయింది. ఒక మనిషి పదేళ్లలో కట్టిన చర్చి అనే చిత్రాన్ని ఈ కిటికీలే సున్నితంగా సరిదిద్దుతున్నాయి. పగటి వెలుగు బయటనుంచి పడితేనే ఆ రంగులు పలుకుతాయి. పొద్దు గూకితే నల్లటి పలకలే.

మెదక్‌లో చెప్పుకునే మరో కథ చార్మినార్‌ది. గోపురం చార్మినార్ కన్నా ఎత్తు లేస్తోందని నిజాం కొలువు అభ్యంతరపెట్టిందని. పుస్తకాల్లో చార్మినార్ ఎత్తుకు రెండు లెక్కలు కనిపిస్తాయి: ఒకటి 160 అడుగులు, మరొకటి 184 అడుగులు. మొదటిది పట్టుకుంటే 175 అడుగుల గోపురం గెలిచింది, రెండోది పట్టుకుంటే ఓడింది. ఇలాంటి కథలు కొలతబద్ద మీద నిలబడవు. అయినా దీన్ని పారేయకూడదు, ఎందుకంటే ఇది ఊరి మనసులో ఉన్న ఒక నిజాన్ని పట్టుకుంది. గడీ ముందు తల ఎత్తి నడవని మనుషులు కట్టిన కట్టడం రాజధాని గుర్తుతో పోటీ పడిందన్న గర్వం ఆ కథలో ఉంది. ఈ ఒక్క కథలోనే, పాస్నెట్ పక్కకు జరిగి, కట్టినవారు కనిపిస్తారు.

కేథడ్రల్ అన్న పేరు కూడా తర్వాత వచ్చిందే. బ్రిటిష్ మెథడిస్టులకు బిషప్పులు లేరు, కనుక బిషప్ పీఠం ఉండే కేథడ్రల్ వారికి ఉండదు. 1924లో ప్రతిష్ఠ అయింది ఒక పెద్ద వెస్లియన్ చర్చి మాత్రమే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్, కాంగ్రెగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పరచినప్పుడు మెదక్ ఒక అధ్యక్ష ఖండం, అంటే ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం, అయింది. ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్. అప్పటికి ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర. మెదక్ మాత్రం ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది, మరో ఏడాదికి గాని హైదరాబాద్ కలవలేదు. పాస్నెట్ 1939లోనే బాధ్యతలు వదిలారు. తాను కట్టించినది కేథడ్రల్ కావడాన్ని ఆయన జీవితపు చివరి మూడేళ్లలో విన్నారు. ఆయన మరణం తర్వాత సహచరుడు కోలియర్ సాకెట్ ఆయన జీవితం మీద పుస్తకం రాశారు. దాని పేరులోనే ఆయన 'మెదక్ పాస్నెట్'. ఇంటిపేరు లాగా ఊరిపేరు అతుక్కుంది. అరవై మైళ్లు గుర్రం మీద వచ్చిన మనిషికి అంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది? కానీ ఊరికి ఆయన పేరు అతికినంత గట్టిగా, ఆ ఊరి మేస్త్రీల పేరు ఒక్కటి కూడా ఆ రాళ్లకు అతకలేదు.

ఇలా వెతకడం వల్ల పాస్నెట్ ఘనత తగ్గుతుందని కొందరు నొచ్చుకుంటారు. ఊరు ఊరంతా తలుచుకునే ఒక పెద్దమనిషిని ఇప్పుడు లెక్కల్లోకి లాగడం ఎందుకని అడుగుతారు. దానికి జవాబు చర్చి లోపలే ఉంది. ఆయన నమ్మినది మాల ఇంటి బిడ్డకూ దొర బిడ్డకూ దేవుడి ముందు ఒకే విలువ అని. ఆ నమ్మకంతో కట్టించిన చోట కట్టించినవారి పేరే మిగిలి, కట్టినవారి పేరు మాయం కావడం ఆయన నమ్మినదానికే విరుద్ధం. అందుకే నా తీర్పు ఇది: పాస్నెట్ మెదక్ చర్చిని కట్టించినవారు, దానికి మొదటి కారకులు, హార్డింగ్ దాని రూపకర్త, నిర్మాతలు మాత్రం మెతుకుసీమ రాతిపని వారూ, వారికి రాళ్లందించిన కూలి జనమూ. కరువు ఆ పనికి పుట్టుక ఇవ్వలేదు, మనుషుల్ని ఇచ్చింది.

2022 సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు వచ్చింది. 2024 క్రిస్మస్‌కు చర్చికి నూరేళ్లు నిండాయి. తాతలు, ముత్తాతలు ఆ పనిలో ఉలి పట్టారనో, తట్ట మోశారనో, వారి కూలి గింజలు ఇన్ని మానికలనో చెప్పుకునే ఇళ్లు మెదక్, నర్సాపూర్, రామాయంపేట పల్లెల్లో ఉంటే, ఆ మాటలు విన్నవారు వెంటనే రాసి పెట్టండి: మనిషి పేరు, ఊరి పేరు, చేసిన పని. పాత పెట్టెల్లో కూలి చిట్టాలో, బాప్తిస్మ పుస్తకాలో ఉన్న సంఘాలు వాటిని చెదలకు వదలకుండా మెదక్ అధ్యక్ష ఖండానికి అందజేయండి. పాస్నెట్ పేరు ఉన్న చోటే, ఆ పేర్ల కింద చెక్కడానికి ఖాళీ రాయి ఆ ఆవరణలో చాలా ఉంది.